వన్నెచిన్నెలు

పాఠ్యభాగ ఉద్దేశం

మనిషిని ఆశ్రయించి బతికే జంతువుల రంగును, మచ్చలను, బొచ్చును వర్ణించడానికి తెలుగులో ఉన్న పదసంపదను విద్యార్థులకు పరిచయం చేయడం, పాలమూరు ప్రాంతపు పశుపోషకుల వృత్తిపదాలు ఒక పశుజాతి పేరుగా ఎలా నిలిచాయో తెలియజేయడం, మాండలిక పదాల పట్ల గౌరవాన్ని కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'వన్నెచిన్నెలు' అనే జంటపదాన్ని మనం అందచందాలు అనే అర్థంలో వాడుతున్నాం. ఈ పదాన్ని విడదీసి చూస్తే మరొక అర్థం కనిపిస్తుంది. 'వన్నె' అనేది 'వర్ణం' అనే సంస్కృత పదానికి వికృతి. 'చిన్నె' అనేది 'చిహ్నం' అనే పదానికి వికృతి. అంటే వన్నెచిన్నెలు అనగా రంగులు, గుర్తులు. ఒక ప్రాణిని చూసి ఇది ఫలానాది అని పోల్చుకోవడానికి కావలసినవి ఈ రెండే. కవులకు వన్నెచిన్నెలు వర్ణన సామగ్రి. పశువులను మేపి బతికేవారికి అవి జీవనావసరం. వందల జీవాలున్న మందలో తన గొర్రెను గుర్తుపట్టవలసినవాడికి, అడవిలో తప్పిపోయిన ఆవును వెదకవలసినవాడికి రంగుకు ఒక మాట, మచ్చకు ఒక మాట తప్పనిసరిగా కావాలి. అటువంటి మాటలు తెలుగులో సమృద్ధిగా ఉన్నాయి. వాటిని తెలుసుకోవడానికి మనందరికీ పరిచయమైన కుక్కతో మొదలుపెడదాం.

ఊరి కుక్క

కుక్కకు తెలుగులో పర్యాయపదాలు చాలా ఉన్నాయి. శునకం, కుక్కురం, జాగిలం, సారమేయం, గ్రామసింహం అన్నవి వాటిలో కొన్ని. వేటకుక్కను జాగిలమంటారు. దేవతల కుక్క అయిన సరమ సంతానం కాబట్టి కుక్కకు సారమేయమనే పేరు వచ్చింది. ఊరిలో తిరుగుతూ సింహంలా గర్జించాలని చూస్తుంది కాబట్టి పరిహాసంగా గ్రామసింహమన్నారు. ఇవన్నీ కుక్క అనే జంతువుకు పేర్లే కాని, ఒక కుక్కను మరొక కుక్క నుండి వేరుచేసి చూపే పేర్లు కావు. వీధిలో పది కుక్కలుంటే 'ఏ కుక్క?' అన్న ప్రశ్నకు 'శునకం' అని బదులివ్వలేం. అక్కడ వన్నె చెప్పాలి, చిన్నె చెప్పాలి.

మొదట వన్నెల సంగతి చూద్దాం. నలుపు, తెలుపు, ఎరుపు అనే మూడు మాటలతో చాలావరకు పని జరుగుతుంది. అయితే పశువుల విషయంలో తెలుగు రైతు అంతటితో ఆగలేదు. నల్లని పశువును 'కర్రి' అన్నాడు. పసుపు, గోధుమ వన్నెలు కలిసినట్టుండే పశువును 'పుల్ల' అన్నాడు. తెలుపులో బూడిద ఛాయ కలిసిన ఎద్దును 'మైల' అన్నాడు. ఎరుపు, గోధుమ రంగులు కలిసిన ఆవు 'కపిల' అయింది. ఈ మాటలు ఎక్కువగా ఆవులకు, ఎడ్లకు వాడుకలో ఉన్నా కుక్కలకూ చక్కగా సరిపోతాయి. మన వీధులలో కనిపించే కుక్కలలో అధికభాగం పుల్లవన్నెవే.

ఇక చిన్నెలు. ఒంటి మీద వేరే రంగులో కనిపించే గుర్తు ఏదైనా 'మచ్చ'. చిన్నదై గుండ్రంగా ఉంటే 'చుక్క'. అందుకే ఒళ్లంతా తెల్లని చుక్కలున్న జింకను చుక్కల దుప్పి అన్నారు. పొడవుగా గీతలా సాగితే 'చార'. పెద్దపులి ఒంటి మీద ఉన్నవి చారలే. కొన్ని కుక్కల ఒంటి మీద కూడా గోధుమ వన్నెపై నల్లని సన్నని గీతలు అడ్డంగా దిగుతాయి. దీనిని కుక్కల పెంపకందారులు బ్రిండిల్ అంటారు. మనం 'పులిచార' అంటే చూసినవారికీ చూడనివారికీ వెంటనే అర్థమవుతుంది. ముఖాన తెల్లని మచ్చ ఉన్న పశువు 'బొల్లి'. నాలుగు కాళ్లు, ముఖం తెల్లగా ఉన్న గుర్రాన్ని 'పంచకల్యాణి' అని పిలిచి శుభప్రదంగా భావించారు. 

బొచ్చుకు సంబంధించిన మాటలు మరికొన్ని. లేతగా, మెత్తగా, కనీ కనిపించనట్టు ఉంటే 'నూగు'. దట్టంగా పొడవుగా ఉంటే 'బొచ్చు'. వడికి దారం తీయడానికి పనికివచ్చేది 'ఉన్ని'. మెడ మీద ఎత్తుగా పెరిగేది 'జూలు'. తోక చివర గుత్తిగా ఉండేది 'కుచ్చు'. కుక్కల బొచ్చులో ఎంతో వైవిధ్యం కనబడుతుంది. కొన్నింటికి ఒంటికి అంటుకుపోయినట్టు పొట్టి వెంట్రుకలుంటాయి. కొన్నింటి బొచ్చు నేలను తాకుతుంది. కొన్నింటిది ఉంగరాలు తిరిగి ఉంటుంది. కొన్నింటికి మూతి దగ్గర మీసాలు, గడ్డం వచ్చినట్టు కనబడుతుంది. ఈ వైవిధ్యంలో అధికభాగానికి కారణం మూడే మూడు జన్యువులని 2009లో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన నిరూపించింది. ఒకటి బొచ్చు పొడవును, ఒకటి ఉంగరాలను, ఒకటి మీసాలు గడ్డాలను నిర్ణయిస్తున్నాయి. 

నాలుగు కన్నుల కుక్కలు

జంతువుల చిన్నెలను గమనించే అలవాటు మనకు ఈనాటిది కాదు. ఋగ్వేదం పదవ మండలంలో యముని మార్గాన్ని కాపలా కాసే రెండు కుక్కల ప్రస్తావన ఉంది. అవి సరమ కొడుకులు. వాటిని 'చతురక్షములు' అన్నారు. అంటే నాలుగు కన్నులు గలవి. 'శబలములు' అని కూడా అన్నారు. అంటే చిత్రవర్ణం గలవి, మచ్చలు గలవి. నాలుగు కన్నుల కుక్క ఎక్కడ ఉంటుందని సందేహం కలగవచ్చు. నల్లని కుక్కలలో కొన్నింటికి రెండు కన్నుల పైన, కనుబొమలుండవలసిన చోట, లేత గోధుమ రంగు మచ్చలు రెండు ఉంటాయి. కుక్క కన్నులు మూసుకుని పడుకున్నప్పుడు కూడా ఆ మచ్చలు తెరచిన కన్నులలాగే కనబడతాయి. నిద్రలోనూ మేలుకుని ఉన్నట్టుండే కుక్కకు కాపలా పని అప్పగించడం సమంజసమే కదా! చతురక్షమంటే ఇటువంటి కుక్కేనని పలువురు పండితుల అభిప్రాయం. ప్రాచీన పారశీకుల జరతుష్ట్ర మతగ్రంథాలలోనూ నాలుగు కన్నుల కుక్కకు ప్రత్యేక స్థానం ఉంది.

మచ్చలు ఎందుకు వస్తాయి?

జంతువుల రంగుకు కారణం మెలనిన్ అనే వర్ణద్రవ్యం. ఇది రెండు విధాలు. యూమెలనిన్ వల్ల నలుపు, ముదురు గోధుమ రంగులు వస్తాయి. ఫియోమెలనిన్ వల్ల ఎరుపు, పసుపు ఛాయలు వస్తాయి. ఈ రెండింటి పాళ్లను బట్టి కర్రి, పుల్ల, కపిల వంటి వన్నెలు ఏర్పడతాయి. 

తెల్లమచ్చ వచ్చే తీరు ఇంకా ఆసక్తికరమైనది. తల్లి కడుపులో పిండం ఎదిగేటప్పుడు రంగునిచ్చే కణాలు వెన్ను ప్రాంతంలో బయలుదేరి శరీరమంతటా వ్యాపిస్తాయి. వెన్నుకు దూరంగా ఉన్న భాగాలను అవి చివరగా చేరుకుంటాయి. నుదురు, ఎదురురొమ్ము, పొట్ట అడుగు, కాళ్ల చివర, తోక కొన ఆ భాగాలు. కణాలు చేరలేకపోయిన చోట తెలుపు మిగిలిపోతుంది. బొల్లి మచ్చ నుదుటనే ఎందుకు వస్తుందో, పంచకల్యాణికి కాళ్లూ ముఖమూ ఎందుకు తెల్లబడతాయో దీనివల్ల తెలుస్తున్నది. డాల్మేషియన్ జాతి కుక్క పిల్లలు పుట్టినప్పుడు తెల్లగా ఉంటాయి. వాటి నల్లని చుక్కలు కొన్ని వారాల తరువాత గాని స్పష్టంగా తేలవు.

అడవి జంతువులలో ఇంత వైవిధ్యం కనబడదు. నల్లమల అడవులలో తిరిగే రేచుకుక్కలను చూడండి. అన్నింటిదీ ఒకే ఎర్రని వన్నె, ఒకే నల్లని కుచ్చుతోక. ఒకదాన్ని చూస్తే గుంపునంతటినీ చూసినట్టే. అడవి కుక్కకు ఒక పేరు చాలు, ఊరి కుక్కకు ఎన్నో పేర్లు కావాలి. అడవిలో తెల్లమచ్చ దూరానికి కనిపించి ప్రమాదం తెచ్చిపెడుతుంది. మనిషి నీడన ఆ ప్రమాదం తక్కువ. పైగా మచ్చ ఉన్న పశువును గుర్తుపట్టడం సులభం కాబట్టి మనిషి దానిని ఇష్టపడి పెంచుకున్నాడు. 

1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో నక్కలపై ఒక ప్రయోగం ఆరంభించాడు. మనిషికి బెదరని నక్కలనే ఎన్నిక చేస్తూ తరతరాలుగా పెంచగా కొన్నింటికి నుదుట తెల్లని చుక్క, వేలాడే చెవులు కనిపించాయి. అయితే ఆ నక్కల పూర్వీకులు అప్పటికే బొచ్చు వ్యాపారం కోసం ఫారాలలో పెరిగినవని, ఇటువంటి మచ్చలు వాటిలో ముందునుండే ఉన్నాయని 2019లో కొందరు శాస్త్రజ్ఞులు ఎత్తిచూపారు. సాధుస్వభావానికీ మచ్చకూ ఉన్న సంబంధం గురించి చర్చ సాగుతున్నా, మనిషి చేరదీసిన జంతువులలో వన్నెచిన్నెలు పెరిగాయన్నది మాత్రం మనం నిత్యం చూస్తున్న సత్యం.

పాలమూరు మందలు

ఈ వన్నెచిన్నెల భాష నిత్యజీవితంలో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి మహబూబ్‌నగర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పాలమూరు అన్నది ఈ ప్రాంతానికి పాతపేరు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పాత జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట కూడా వేరు జిల్లా అయింది. ఎర్రచెలక నేలలు, రాతిగుట్టలు, తక్కువ వానలు గల మెట్టసీమ ఇది. వాన నమ్మకం లేని చోట మనిషికి పైరు కంటే మంద ఎక్కువ ధీమా ఇస్తుంది. అందుకే ఇక్కడ గొల్లకురుమలు గొర్రెలు, మేకల మందలతోను, నల్లమల అంచున లంబాడీలు, ఇతర రైతులు ఆవుల మందలతోను జీవనం సాగిస్తూ వచ్చారు.

ఈ ప్రాంతపు పాత గొర్రె దక్కని జాతిది. దాని ఒంటి మీద ఉన్ని ఉంటుంది. ఎక్కువగా నలుపు. కురుమలు ఏటా రెండుసార్లు ఉన్ని కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పట్టించి గొంగడి నేస్తారు. గొంగడి నలుపు అద్దకం వల్ల వచ్చినది కాదు, గొర్రె ఒంటి వన్నెయే గొంగడి వన్నె. ఎండకు, వానకు, చలికి కాపరికి అదే గొడుగు, అదే దుప్పటి.

తరువాతి కాలంలో మాంసానికి గిరాకీ పెరిగింది, గొంగడికి గిరాకీ తగ్గింది. దక్కని గొర్రె స్థానాన్ని చాలాచోట్ల నెల్లూరు జాతి ఆక్రమించింది. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. దీనిలో మూడు రకాలున్నాయి. పూర్తిగా తెల్లనిదై, లేదా తెలుపు మీద తల, మెడ, వీపు, కాళ్ల వద్ద లేత గోధుమ మచ్చలు కలదై ఉంటే 'పల్ల'. తెలుపు మీద పెదవుల చుట్టూ, కన్నుల చుట్టూ, కింది దవడ మీద నల్లమచ్చలుంటే 'జోడిపి'. ఒళ్లంతా గోధుమ వన్నె అయితే 'డోర'. పశువైద్య కళాశాలల పాఠ్యగ్రంథాలలో సైతం ఈ మూడు పేర్లే ఉన్నాయి. గొర్రెల కాపరుల మాటను శాస్త్రం యథాతథంగా స్వీకరించిందనడానికి ఇది ఒక నిదర్శనం.

తప్పిపోయిన పశువును వెదికేటప్పుడు ఈ మాటల విలువ తెలుస్తుంది. 'కర్రావు తప్పిపోయింది అన్నా, బొల్లి మొగంది, తోక కుచ్చు తెల్లగుంటది, మీ దిక్కు వచ్చిందా?' అని ఒక రైతు అడిగితే, ఎదుటివాడు ఆ ఆవును మునుపెన్నడూ చూడకపోయినా దానిని పోల్చగలడు. ఈ వాక్యంలో ఒక వన్నె, రెండు చిన్నెలు ఉన్నాయి. పరుల చేనులో పడిన పశువులను బందెలదొడ్డికి తోలినప్పుడు కూడా ఇదే అవసరం. దొడ్డికి వచ్చిన పశువుల సంఖ్యను, వర్ణనను దొడ్డి అధికారి పుస్తకంలో నమోదు చేయాలని బ్రిటిషు ఇండియాలో 1871లో వచ్చిన పశువుల అక్రమ ప్రవేశ చట్టం నిర్దేశించింది. పశువు తనదని నిరూపించుకోవడానికి పేదరైతు చేతిలో ఉన్న ఆధారం ఆ వర్ణన ఒక్కటే.

పొడ తూర్పు

పాలమూరుకు తూర్పుదిక్కున నల్లమల కొండలలో అమ్రాబాద్ పీఠభూమి ఉంది. ఇది ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో భాగం. ఈ అడవులలో మేసి పెరిగే ఒక రకం పశువులను ఇక్కడివారు 'పొడ తూర్పు' అంటారు. తెలుపు మీద ఎరుపు లేక గోధుమ పొడలు, లేదా ఎరుపు, గోధుమ రంగుల మీద తెల్లని పొడలు వీటి ముఖ్య లక్షణం. పెద్ద పాడినిచ్చే జాతి కాదు. దీని పేరంతా ఎడ్ల వల్ల వచ్చింది. గట్టి గిట్టలతో రాతినేలలో నడవగలగడం, తక్కువ మేతతో కరువును ఓర్చుకోవడం, ఎండలో అలసట లేకుండా పని చేయడం ఈ ఎడ్ల గుణాలు. 

'పొడ' అనే మాటను కొంచెం పరిశీలించాలి. పొడ అంటే మచ్చ. ఒంటి మీద వరుసగా మచ్చలున్న రక్తపింజరి పామును పొడపాము అనడం ఈ అర్థంలోనే. చెట్టు కొమ్మల సందుల నుండి నేల మీద అక్కడక్కడ పడే వెలుగును 'ఎండపొడ' అంటాం. ఒకరిని చూడడం కూడా ఇష్టం లేనప్పుడు 'వాడి పొడ గిట్టదు' అంటాం. అక్కడ పొడ అంటే జాడ, నీడ. నీడలో వెలుగులా, వెలుగులో నీడలా ఒక రంగు మీద మరొక రంగు పరుచుకోవడమే పొడ. అడవిలో చెట్ల కింద నిలబడిన పొడ ఆవును చూసినవారికి ఈ మాట ఎంత సరిగా అమరిందో అర్థమవుతుంది.

ఇంత చక్కని పేరు, ఇన్ని గుర్తులు ఉన్న ఈ పశువులకు చాలాకాలం ప్రభుత్వ కాగితాలలో పేరు లేదు. మన దేశంలో పశుజాతులను గుర్తించి నమోదు చేసే బాధ్యత హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థది. ఈ సంస్థ 1984లో ఏర్పడింది. దాని పట్టికలో లేని పశువులను 'నాన్‌డిస్క్రిప్ట్' అనే వర్గంలో చేరుస్తారు. ఆ మాటకు అర్థం 'వర్ణనకు అందనివి' అని. ఎటువంటి విశేష లక్షణాలూ లేని కలగాపులగపు పశువులని దాని తాత్పర్యం. 

ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం ఉంది. వర్ణనకు అందనివి అని ఏ పశువుల గురించి రాశారో, వాటిని వర్ణించడానికి కాపరుల దగ్గర తరతరాలుగా మాటలున్నాయి. వన్నెకు మాట ఉంది. చిన్నెకు మాట ఉంది. దిక్కుతో సహా పేరు ఉంది. వర్ణన లేనిది పశువుకు కాదు, కాగితానికి. కాపరి మాట కాగితం దాకా చేరలేదు. పేరు నమోదు కాని జాతికి లెక్క ఉండదు. లెక్క లేనిదానికి సంరక్షణ పథకం ఉండదు. తగ్గిపోతున్నా ఎవరికీ తెలియదు. 2019లో జరిగిన పశుగణన నాటికి కూడా పొడ తూర్పు జాతుల పట్టికలో లేదు. 

పశుపోషకులు, వారికి తోడుగా నిలిచిన స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రజ్ఞులు చేసిన కృషి ఫలితంగా 2020లో ఈ పశువులకు ప్రత్యేక జాతిగా గుర్తింపు లభించింది. ఒక జాతిని నమోదు చేయమని కోరేటప్పుడు దాని స్థానిక నామం, తిరిగే ప్రాంతం, ఒంటి రంగు, కొమ్ముల తీరు, వినియోగం వంటి వివరాలన్నీ సమర్పించాలి. ఇవన్నీ కాపరులు నోటితో చెప్పుకుంటూ వచ్చినవే. కొత్త పేరు ఏదీ పెట్టనవసరం లేకపోయింది. కాపరులు పిలుచుకునే 'పొడ తూర్పు' అన్న పేరే జాతీయ పట్టికలో చేరింది. 

మాటలు నిలవాలి

ఇప్పుడు పశువుల చెవులకు పసుపురంగు బిళ్లలు వేస్తున్నారు. ఒక్కొక్క పశువుకు పన్నెండు అంకెల సంఖ్య ఉంటుంది. టీకాల నమోదుకు, బీమాకు ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరం. అయితే ఆ సంఖ్యను చదవాలంటే పశువు దగ్గరకు వెళ్లి చెవి పట్టుకోవాలి. గుట్ట మీద మేస్తున్న పశువును కింది నుండి గుర్తుపట్టాలంటే 'బొల్లావు' అన్న మాటే కావాలి. సంఖ్య కార్యాలయానికి, మాట మనిషికి పనికివస్తాయి. ఒకటి వచ్చిందని మరొకదాన్ని వదులుకోవడం వివేకం కాదు.

మాట పోతే ఏమి పోతుందన్న ప్రశ్న కలగవచ్చు. కర్రి, పుల్ల, మైల, బొల్లి అన్న నాలుగు మాటలు తెలిసినవాడికి మందలో నాలుగు రకాల పశువులు కనబడతాయి. ఆ మాటలు తెలియనివాడికి కొన్ని ఆవులు మాత్రమే కనబడతాయి. తేడాను చెప్పే మాట మరుగున పడితే తేడాను చూసే చూపు కూడా మందగిస్తుంది. చూపు మందగించిన చోట 'అన్నీ ఒకటే' అనే మాట సులభంగా చెల్లుబాటవుతుంది. మన ఊరి కుక్కలను పనికిమాలినవిగా, దేశవాళీ ఆవులను జాతిలేనివిగా తీసిపారేసే అలవాటు అలా వచ్చినదే.

వృత్తిపదాలను సేకరించి భద్రపరచే పనిని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి అరవై ఏళ్ల కిందటే ఆరంభించింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో 'మాండలిక వృత్తిపదకోశం' మొదటి సంపుటం 1962లో వెలువడింది. పరిశోధకులు ఊరూరా తిరిగి, ఆయా వృత్తులవారినే అడిగి ఆ పదాలను సేకరించారు. నిఘంటువులో మాట కనబడకపోతే అది మాట కాదనుకునే భ్రమను ఈ కృషి తొలగించింది. ఆ పని పూర్తయినదని చెప్పలేం. గొర్రెల కాపరుల వద్ద, పశువుల సంతలలో, కొట్టాలలో ఇంకా సేకరణకు నోచుకోని మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మందలు తగ్గుతున్నకొద్దీ వాటిని పలికేవారూ తగ్గుతున్నారు. 

అందుచేత విద్యార్థులు తమ ఊరిలోని పెద్దలను, కాపరులను అడిగి, పశువుల వన్నెచిన్నెలను తెలిపే పదాలను రాసుకోవాలి. ఒక్కొక్క పదాన్ని ఏ పశువుకు వాడతారో, ఎక్కడి గుర్తుకు వాడతారో కూడా పక్కన రాయాలి. పక్క ఊరిలో అదే పదానికి వేరే అర్థం ఉంటే దానినీ చేర్చాలి. ఈ పనికి పరికరాలు అక్కరలేదు. ఒక పుస్తకం, కొంత ఓపిక, చెప్పేవారి మాట మీద గౌరవం ఉంటే చాలు.

అర్థాలు

వన్నె = రంగు, వర్ణం
చిన్నె = గుర్తు, చిహ్నం
జీవాలు = గొర్రెలు, మేకలు
కర్రి = నల్లనిది
పుల్ల = పసుపు గోధుమ కలిసిన వన్నె కలది; కట్టెపుల్ల అన్నప్పుడు సన్నని పుడక
మైల = బూడిద ఛాయ కలది; అశౌచం అని మరొక అర్థం
బొల్లి = ముఖాన తెల్లమచ్చ కలది; చర్మం తెల్లబడే వ్యాధి అని మరొక అర్థం
పొడ = మచ్చ; జాడ, నీడ
శబలం = చిత్రవర్ణం కలది
చెలక = మెట్ట పొలం
గొంగడి = గొర్రె ఉన్నితో నేసిన కంబళి
బందెలదొడ్డి = పరుల పొలంలో పడిన పశువులను బంధించే చోటు
కొట్టం = పశువులను కట్టివేసే పాక

వ్యాకరణాంశాలు

1. సంధులు
కర్రావు = కర్రి + ఆవు – ఇత్వ సంధి. సంధి జరగనప్పుడు 'కర్రియావు' అవుతుంది.
బొల్లావు = బొల్లి + ఆవు – ఇత్వ సంధి
పుల్లావు = పుల్ల + ఆవు – అత్వ సంధి
చతురక్షం అనే పదంలో 'చతుర్', 'అక్షం' అనే రెండు భాగాలున్నాయి. అక్షం అంటే ఇక్కడ కన్ను.

2. సమాసాలు
నల్లకుక్క = నల్లనైన కుక్క – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
వన్నెచిన్నెలు = వన్నెయును, చిన్నెయును – ద్వంద్వ సమాసం
చతురక్షం = నాలుగు కన్నులు కలది – బహువ్రీహి సమాసం

3. ప్రకృతి – వికృతి
వర్ణం – వన్నె
చిహ్నం – చిన్నె

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'వన్నెచిన్నెలు' పాఠం ఆధారంగా పశువుల రంగులను, మచ్చలను తెలిపే తెలుగు పదాలను సోదాహరణంగా వివరించండి.
2. 'పొడ తూర్పు' జాతి గుర్తింపు వృత్తాంతాన్ని తెలిపి, దానిలో స్థానిక భాషకు ఉన్న పాత్రను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జంతువుల ఒంటిపై తెల్లమచ్చలు ఏర్పడే విధానాన్ని తెలపండి.
2. దక్కని గొర్రెకు, నెల్లూరు గొర్రెకు గల భేదాలేవి?
3. చెవిబిళ్ల సంఖ్య ఉన్నా వన్నెచిన్నెల మాటలు ఎందుకు అవసరం?

III. కింది వాటికి సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. అడవి కుక్కకు ఒక పేరు చాలు, ఊరి కుక్కకు ఎన్నో పేర్లు కావాలి.
2. గొర్రె ఒంటి వన్నెయే గొంగడి వన్నె.
3. వర్ణన లేనిది పశువుకు కాదు, కాగితానికి.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కుక్కకు సారమేయమనే పేరు ఎందుకు వచ్చింది?
2. పంచకల్యాణి అని ఏ గుర్రాన్ని అంటారు?
3. నెల్లూరు గొర్రెలలో మూడు రకాలేవి?
4. జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఎక్కడ ఉంది?
5. 'మాండలిక వృత్తిపదకోశం' మొదటి సంపుటం ఎప్పుడు వెలువడింది?

V. భాషాకృత్యం
మీ వీధిలో కనిపించే ఐదు కుక్కలను ఎంచుకుని, ఒక్కొక్కదానిని ఒకే వాక్యంలో వర్ణించండి. ఆ వాక్యాన్ని చదివిన మీ స్నేహితుడు ఆ కుక్కను పోల్చుకోగలగాలి. పాఠంలోని పదాలలో కనీసం ఆరింటిని ఉపయోగించండి.